నవాబు ఇంట జంతువుల సందడి

ఇంటినిండా కుక్కపిల్లలుంటే ఎంత సందడో '101 డాల్మేషియన్స్' (1961) చూసిన పిల్లలకు తెలుసు. కోల్‌కతాలోని గార్డెన్ రీచ్ అంతకు దాదాపు నూరేళ్ల ముందే అలాంటి సందడి చూసింది. కుక్కలతో కాదు, పులులతో.

1856లో కంపెనీ రాజ్యం లాగేసుకోవడంతో లక్నో వదిలొచ్చిన అవధ్ నవాబు వాజిద్ అలీ షా హుగ్లీ ఒడ్డున పులులు, జిరాఫీలు, వేలాది పావురాలను పోషించారు. పాములకు ప్రత్యేకంగా గుట్టే కట్టించారు. బాల్యం అక్కడే గడిపిన రచయిత అబ్దుల్ హలీం షరర్ ఆ వైభవాన్ని వర్ణించారు.

సినిమాలో కుక్కపిల్లలన్నిటికీ చివరికి ఇల్లు దొరుకుతుంది. ఇక్కడ 1887లో యజమాని కన్నుమూశాక జంతుశాల చెదిరిపోయింది. ఇప్పుడు గార్డెన్ రీచ్ అంటే ఆగ్నేయ రైల్వే ప్రధాన కార్యాలయం. 2003 దాకా వాల్తేరు డివిజన్‌కూ అదే పెద్ద దిక్కు. పక్కనున్న మెటియాబ్రుజ్‌లో, సిబ్తైనాబాద్ ఇమాంబాడాలో నవాబు సమాధి మిగిలింది.