నిధిని చూపు ముల్లు

మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతములలో పాతరబంగారమును గూర్చిన కథ లేని యూరు అరుదు. పాళెగాండ్రు పారిపోవుచు కొప్పెరలతో పాతిపెట్టిరనియు, గుఱ్ఱముకొండ కోటక్రింద సొరంగము గలదనియు, ఫలానివారి పెరటిలో రాత్రివేళ గజ్జెలచప్పుడు వినబడుననియు ముసలమ్మలు చెప్పగా విననివారెవరు? ఈ కథలకు తోడు నిజమైన బంగారముకూడ మనకు పొరుగుననే యున్నది. కుప్పమునకు చేరువనే కన్నడదేశమున కోలారు గనులు గలవు. 1880వ సంవత్సరము మొదలు జాన్ టెయిలరు కంపెనీవారు త్రవ్వించిన యా గనులు కాలక్రమమున 3 కిలోమీటర్లకు మించిన లోతునకు దిగి, 2001వ సంవత్సరము ఫిబ్రవరి 28వ తేదిని మూతపడినవి. కుప్పము ప్రాంతముననే చిగురుగుంట, బిసానత్తముల చెంత బంగారపురాయి గలదు. సత్యము పొరుగున నుండుటచేతనే యసత్యమున కింత పరపతి కలుగుచున్నది.

పూర్వము నిధి చూపుదుమని వచ్చువారు అంజనము తెచ్చెడివారు. ఇప్పుడు యంత్రము తెచ్చుచున్నారు. దానికి ‘లాంగ్ రేంజ్ డిటెక్టరు’ అని పేరు. చేతిలో పిడి, పిడిపైన అటునిటు తేలికగా తిరుగు పొడవైన యినుపముల్లు, నడుమునకు కట్టుకొనిన చిన్నపెట్టె, దానిపై మీటలును అంకెలును. మైలుదూరమున భూమిలో దాగిన బంగారమువైపునకు ముల్లు తానే తిరుగునని వారి మాట.

గడచిన సంవత్సరము పుంగనూరిలోనున్న మా ఆడపడుచు ఇంటికి ఇట్టివాడొకడు వచ్చెను. ఆమె భర్తను పోగొట్టుకొని, ఒక్క కూతురిని చదివించుకొనుచున్నది. ముల్లు మూడుమారులు పెరటిలోని పాతగోడవైపు తిరిగినదట. తొమ్మిదడుగుల లోతున బిందె గలదనియు, త్రవ్వకమునకును పూజకును 2 లక్షల రూపాయలు ముందుగా కావలెననియు అతడు చెప్పెను. ఆమెవద్ద మిగిలినది పుట్టింటివారు పెట్టిన 12 తులముల నగలు మాత్రమే. వానిని కుదువపెట్టబోవుచు మావద్దకు వచ్చి, “వదినా! దైవము ఇన్నాళ్లకు కన్ను తెరచినది. అన్నకు చెప్పి వడ్డీ తక్కువ చోట కుదువపెట్టించుము” అనెను.

కాదని కోపించిన ఆమె మనసున ‘వీరికి నా బాగు గిట్టదు’ అను ముల్లొకటి నాటుకొనును. కనుక మేము, “అమ్మాయీ! యంత్రము నిజమైనచో పరీక్షకు వెఱవదు. అతనిని ఒకపూట మా యింటికి రమ్మనుము. నెగ్గినచో నీ నగలతోపాటు మా గాజులుకూడ ఇత్తుము” అంటిమి. ఆమె సంతోషముతో ఒప్పుకొనెను. అతడును సందేహింపక వచ్చెను.

పరీక్షావిధమును మావారు కాగితముపై వ్రాసి, అందఱిచేత సరే యనిపించిరి. మా పెరటిలో 10 మట్టిముంతలను రెండేసి గజముల యెడముతో బోర్లించితిమి. మొదట ఒట్టి ముంతల నడుమ అతడు నడచి, ఈ చోట ముల్లును చెఱుపునదేదియు లేదని చెప్పెను. పిమ్మట మా 3 తులముల గాజులను అందఱి యెదుటను ఒక ముంతక్రింద పెట్టితిమి. ముల్లు చక్కగా దానివైపే తిరిగెను. ముంతను మార్చి మార్చి 5 మారులు చూచితిమి. 5 మారులును తప్పలేదు. మా ఆడపడుచు మావైపు చూచిన చూపు ఇప్పటికిని మఱవలేము.

పిదప అసలు పరీక్ష. 1 మొదలు 10 వఱకు అంకెలు వ్రాసిన చీట్లను చెంబులో వేసి, మావారు ఒకటి తీసి, ఆ యంకెగల ముంతక్రింద గాజులు పెట్టి, కాగితముపై గుర్తు వ్రాసికొని వీథివాకిట వెలుపలికి పోవుదురు. పిమ్మటనే మేము, ఆడపడుచు, యంత్రమువాడు వంటయింటి తలుపు తెరచుకొని పెరటిలోనికి వత్తుము. గాజులెక్కడనున్నవో తెలిసినవా రెవరును అక్కడ నుండరాదు. తెలిసినవారి కనుసన్న, నిలుచున్న తీరుకూడ గుట్టు బయటపెట్టును గదా! ఇట్లు 10 మారులు. ఊరక గ్రుడ్డిగా చూపినను పదింట ఒకటి కుదురవచ్చును. 5గాని అంతకుమించిగాని కుదిరిన నెగ్గినట్లని ముందే నిశ్చయించితిమి. ఊహచేతనే అన్ని కుదురుట వేయింట రెండుమారులుకూడ జరుగదని మావారు లెక్కగట్టిరి.

10 మారులు ముగిసినవి. కుదిరినది 1.

అతడు చెమట తుడుచుకొని, “అమ్మగారూ! బంగారము నూరేండ్లు మన్నులో నానిననే కిరణములు వెలువడును. ఈ గాజులకు ఆ బలము లేదు” అనెను. అందుకు మేము, “నాయనా! కొంతసేపటిక్రిందట ఈ గాజులకే 5 మారులును తిరిగినది గదా! మనకు తెలిసినప్పుడు వెలువడిన కిరణములు తెలియనప్పుడు ఆగినవా?” అంటిమి. దానికి మాఱుపలుకలేదు. తరువాత, వరాహమిహిరుడు భూమిలోని వస్తువులను కనుగొను విద్యను చెప్పలేదా యని శాస్త్రము నెత్తెను. మా తండ్రిగారివద్ద ఆ బృహత్సంహితను కొంత చదివియుంటిమి. అందలి దకార్గళాధ్యాయమున చెప్పబడినవి చెట్లు, పుట్టలు, మన్ను, రాళ్లు – కన్నులుగలవా రెల్లరును చూడదగిన గుర్తులు; అవియు నీటికొఱకు. చేతిలో తిరుగు ముల్లుమాట అందు లేదు.

అతడు తెలిసి మోసగించువాడని మాత్రము మేము చెప్పజాలము. అతని మొగము వెలవెలబోయినది. తన చేతిని తానే నమ్మినవానివలె కనబడెను. ముల్లు తిరుగుటకు కారణము చేతియందే గలదు. మన యింటి తలుపు బందులు నిలువుగా లేనిచో ఎవరును త్రోయకయే తలుపు తెరచుకొనును గదా! ఈ ముల్లుకూడ అట్టిదే. మణికట్టు రవ్వంత వ్రాలినను తిరుగును. మనసు ఎచట నున్నదని తలచునో అటువైపు చేయి మనకే తెలియకుండ వ్రాలును. ఈ విషయమును 1852లో ఆంగ్లవైద్యుడు విలియం కార్పెంటరు వివరించెను.

లోహమును కనుగొను నిజమైన యంత్రములు లేకపోలేదు. 1881లో అమెరికా అధ్యక్షుడు గార్‌ఫీల్డు దేహములోని తూటాను వెదకుటకు గ్రాహాంబెల్లు అట్టిదానిని వాడెను. అందలి తీగచుట్టలో విద్యుత్తు పాఱి అయస్కాంతక్షేత్రము పుట్టును. అది లోహమున చిన్న ప్రవాహములను కలిగించును. ఆ మార్పును యంత్రము పసికట్టును. కాని చిన్నవస్తువు విషయమున దూరము రెట్టింపైన వచ్చు జాడ 64వ వంతునకు తగ్గును. కావుననే నాణెమును జానెడు, మూరెడు లోతులోనే అవి కనుగొనగలవు. బంగారము తనంత తాను ఏ కిరణమును వెదజల్లదు. అట్లు వెదజల్లునదే యైనచో, ప్రతి యిల్లాలి మెడలోని పుస్తెలును ముల్లును తమవైపునకు త్రిప్పుకొనవలెను. గనులవారును ఇట్టి ముల్లును నమ్మి గోతులు త్రవ్వరు. భూమికి తమరువేసి రాతిని పైకి తీసి పరీక్షింతురు.

ఈ ముల్లును నమ్మినవారు పల్లెటూరివారు మాత్రమే యనుకొనరాదు. థాయిలాండు సైన్యము బాంబులను కనుగొనుటకై ‘జి.టి.200’ అను ఇట్టి యంత్రములను పెక్కింటిని కొనెను. 2010లో ఆ ప్రభుత్వమే పరీక్షింపగా 20 మారులలో 4 మారులు మాత్రమే కుదిరినది. ‘ఎ.డి.ఇ.651’ అనుదానిని ఇరాకునకు అమ్మిన జేమ్స్ మెక్‌కార్మికునకు 2013లో లండను న్యాయస్థానము 10 సంవత్సరముల చెఱ విధించెను. దానికి మూలము, పోయిన గోల్ఫుబంతులను వెదకునని అమ్మిన చవుకవస్తువు. బాంబులు లేవని ముల్లు చెప్పినచోట నడచినవారి ప్రాణముల వెల యెంత?

మా ఆడపడుచు ఆనాటి సాయంకాలము చాలసేపు ఏడ్చెను. లేని బిందెకంటె, దానిచుట్టు అల్లుకొనిన కలలు పోవుట బరువు గదా! మేము ఓదార్పుమాటలు చాలించి దగ్గఱ కూర్చుంటిమి. తెల్లవాఱినపిదప ఆమెయే, “వదినా! పిల్లదాని ఈయేటి చదువునకు ఒక్క గొలుసు చాలును. తక్కినవి దానికే యుంచెదను” అనెను.

కావున సోదరీమణులారా! ఇట్టివాడు మీ గుమ్మము త్రొక్కినప్పుడు వాదింపకుడు, పరీక్షింపుడు. పది ముంతలు, పది చీట్లు చాలును. నియమములను ముందే వ్రాయుడు. దాచినవారు ఎదుట నుండరాదు. ఎన్ని కుదిరిన నెగ్గుటో ముందుగనే తేల్చుకొనుడు. ఓడినపిదప చెప్పు కారణములను లెక్కలోనికి తీసికొనకుడు. అంతవఱకు నగ పెట్టె తాళము మీ కొంగుననే యుండనిండు.

ఇంకొక మాట. నిధి దొరికినను అది మన సొత్తని త్రవ్వుకొన వీలులేదు. నిధిని తెలిపినవానికి ఆఱవ వంతని కౌటిల్యుడు ఏనాడో వ్రాసెను. 1878వ సంవత్సరపు నిధుల చట్టము ననుసరించి 10 రూపాయలకు మించిన వెలగల నిధి దొరికినచో కలెక్టరునకు వ్రాసి తెలుపవలెను. దాచినవానికి ఏడాదివఱకు చెఱ. పాతగుడులలో నందులను పగులగొట్టి, గర్భాలయములను త్రవ్వినవారివలన ఊరికి మిగిలినవి గోతులును విఱిగిన విగ్రహములును. పెరటిలో గొయ్యి త్రవ్వవలెనని మనసైనచో ఒక కొబ్బరిమొక్కకై త్రవ్వుదము. అది కొన్నేండ్లకు తప్పక ఫలించును.