ఫ్రైడే అసలు పేరేంది?



మేము ఉట్నూర్ హాస్టల్లో ఉండి డిగ్రీ ఫైనలియర్ చదువుతున్న నలుగురం. నాలుగు ఇండ్లల్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనుషులం మేమే. ఈసారి పీజీ ఎంట్రెన్స్ రాసి ఎంఏ ఇంగ్లీషులో చేరాలనుకుంటున్నం. ఈ మాట బయటికి పొక్కినప్పటి నుంచి ఒకటే ఫోన్లు. "గ్రూప్స్‌కు చదువుకోక ఇదేం పనిరా?", "తెల్లోళ్ల పాత కథలు చదివి ఏం జేస్తరు?" అని. అడిగేటోళ్లంతా మన మంచి కోరేటోళ్లే. అందుకే ఒక్కొక్కరికి ఫోన్ల చెప్పే బదులు ఇక్కడ రాస్తున్నం. పోస్టు పెద్దగైంది, జర ఓపికతో చదవండి.

ఎంఏ ఇంగ్లీషులో మన సీనియర్లు ఎక్కువ భయపడేది పద్దెనిమిదో శతాబ్దం నవలకే. డీఫో 'రాబిన్సన్ క్రూసో' (1719), స్విఫ్ట్ 'గలివర్స్ ట్రావెల్స్' (1726), రిచర్డ్‌సన్ 'పమేలా' (1740), ఫీల్డింగ్ 'టామ్ జోన్స్' (1749), గోల్డ్‌స్మిత్ 'వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్' (1766). ఒక్కో వాక్యం అర పేజీ ఉంటది. మనోళ్లు గైడ్ కొని, పది ప్రశ్నలు బట్టీ పట్టి, పాసై బయటపడ్తరు. ఆ నవలల్లో మన సంగతి ఏముంటదిలే అనే ఆలోచన మనందరిలో ఉన్నది. మేము చెప్పదలుచుకున్నది ఒక్కటే. ఆ పుస్తకాల్లో మన సంగతి ఉన్నది. కాకపోతే మన తరఫు నుంచి చదివితేనే కనిపిస్తది.

మొదలు క్రూసో కథే చూడండి. చిన్నప్పుడు ఇంగ్లీషు వాచకంలో సంక్షిప్తంగా చదివినోళ్లకు ఓడ మునిగినోడు, లంక మీద ఒంటరిగా బతికినోడు, అంతే గుర్తుంటది. అసలు పుస్తకంలో ఇంకా చాలా ఉన్నది. క్రూసోకు బ్రెజిల్‌లో తోట ఉంటది. తోట పనికి బానిసలను తెచ్చుకుందామని ఆఫ్రికా తీరానికి బయలుదేరినప్పుడే ఓడ మునుగుతది. అంతకుముందు తను బందీగా ఉన్న చోటి నుంచి తప్పించుకునేటప్పుడు గ్జూరీ అనే పిల్లగాడు తోడుంటడు. ఆ పిల్లగాణ్ణి ఒక పోర్చుగీసు కెప్టెన్‌కు 60 వెండి నాణేలకు అమ్మేస్తడు. తర్వాత తోటలో పనికి మనుషులు చాలనప్పుడు, వాణ్ణి ఎందుకు పోనిచ్చిన్నా అని బాధపడ్తడు. అమ్మినందుకు కాదు, పనికి మనిషి లేకపాయె అని.

లంక మీద క్రూసో 28 ఏండ్లు ఉంటడు. చివరి సంవత్సరాల్లో ఒక మనిషిని చావు నుంచి కాపాడ్తడు. కాపాడింది శుక్రవారం కాబట్టి ఫ్రైడే అని పేరు పెడ్తడు. ఆ మనిషికి అంతకుముందే ఒక పేరుంటది కదా? తల్లి పిలిచిన పేరు, వాళ్ల ఊరోళ్లు పిలిచిన పేరు? క్రూసో అడగనే అడగడు. పేరు పెట్టినంక నేర్పిన మాట 'మాస్టర్'. అవును, కాదు అనే మాటలు దాని తర్వాతే నేర్పిస్తడు.

ఇది గోండిలో చెప్పుకున్నప్పుడు మేము కాసేపు నవ్వినం. బడిలో మనం మొదట నేర్చుకున్న తెలుగు మాట కూడా 'సార్' కదా! ఆ తర్వాత నవ్వు ఆగిపోయింది. మనల్ని మనం కోయతూర్ అనుకుంటం. గోండు అన్నది బయటోళ్లు పిలిచిన పేరు. కుమ్ర అనే ఇంటిపేరు కాగితం మీద ఒకచోట కొమురం, ఒకచోట కొమరం, ఇంకోచోట కుమ్రం. ఒక్కింట్ల అన్నకొకటి తమ్మునికొకటి రాసిచ్చిన సర్టిఫికెట్లు పట్టుకొని తిరిగినోళ్లు ఈ గ్రూపులోనే ఉన్నరు. ఫ్రైడే అసలు పేరేందని అడగాలంటే పెద్ద థియరీ చదవాల్సిన పని లేదు. ఆ అనుభవం ఉంటే చాలు. దక్షిణాఫ్రికా రచయిత కూట్సీ 1986లో 'ఫో' అని నవల రాసి ఇదే కథను తిరగేసిండు. అందులో ఫ్రైడేకు నాలుకే ఉండదు. తన కథ తనే చెప్పలేని మనిషి కథను ఎవరు చెప్తరు అన్నదే ఆ నవల అడిగే ప్రశ్న.

ఇగ 'టామ్ జోన్స్'. బ్లాక్ జార్జ్ అని ఒక పేదవాడు దొర అడవికి, వేటకు కాపలాదారు. టామ్, జార్జ్ కలిసి కౌజుపిట్టలను తరుముకుంటూ పక్క దొర భూమిలోకి పోతరు. టామ్ దొరుకుతడు, దెబ్బలు తింటడు గాని జార్జ్ పేరు చెప్పడు. అయినా చివరికి జార్జ్ కొలువు పోతది, పెండ్లాం పిల్లలు పస్తులుంటరు. గైడ్లలో దీన్ని టామ్ మంచితనం అని ఒక్క లైన్ల రాసి వదిలేస్తరు. మేము అక్కడే ఆగినం. ఒక పిట్ట కోసం ఒక ఇల్లు ఎందుకు ఆగమైంది?

వెతికితే చట్టం కనిపించింది. ఇంగ్లండ్‌లో 1671 చట్టం ప్రకారం వేటాడాలంటే ఏడాదికి కనీసం 100 పౌండ్లు వచ్చే సొంత భూమి ఉండాలె. 1723లో బ్లాక్ యాక్ట్ అని ఇంకోటి వచ్చింది. ముఖానికి మసి పూసుకొని, ఆయుధంతో అడవిలో జింకను వేటాడితే ఉరి. ఆ చట్టం 100 ఏండ్లు నడిచింది. అంటే అడవిలో బతికేటోణ్ణి దొంగను చేసే పని తెల్లోళ్లు ముందు తమ సొంత పేదోళ్ల మీదనే చేసిన్రు. మన దగ్గర నిజాం కాలంలో అడవిని రిజర్వు చేసి, జంగ్లాతోళ్లను పెట్టి, పశువులకు మేత పన్ను, కట్టెకు పన్ను వసూలు చేసిన కథ పెద్దమనుషుల నోట విన్నదే. కుమ్రం భీం 1940లో జోడేఘాట్‌లో ప్రాణమిచ్చింది ఆ అడవి కోసమే, ఆ భూమి కోసమే. బ్లాక్ జార్జ్ ఎవరో మన గూడెంలో ఎవరికీ విడమర్చి చెప్పక్కరలేదు. మరి అతని గురించి పరీక్షలో నాలుగు మాటలు రాయడానికి మనకంటే ఎక్కువ హక్కు ఎవరికుంది?

ఇంకొక ముచ్చట. 'టామ్ జోన్స్' వచ్చింది 1749లో. నార్నూర్ మండలం గుంజాలలో దొరికిన గోండి లిపి రాతప్రతులు ఉన్నయి కదా, వాటిలో కొన్ని 1750 ప్రాంతంవని పరిశోధకులు అంచనా వేసిన్రు. లండన్‌లో ఫీల్డింగ్ నవల అచ్చయ్యే కాలానికి మన దగ్గర మన భాష, మన లిపిలో కాగితం మీద ఉన్నదన్న మాట! 1751లో చాందా గోండు రాజ్యం నాగపూర్ భోంస్లేల చేతికి పోయింది. అక్కడ అచ్చు యంత్రాలు, అద్దె పుస్తకాల షాపులు పెరిగినయ్. ఇక్కడ రాజ్యం పోయింది. మన రాతప్రతులు ఇండ్లల్లో మూటకట్టి మిగిలినయ్. గుంజాల లిపి 2018లో యూనికోడ్‌లోకి వచ్చింది. ఇప్పుడు ఫోన్లకు ఎక్కే దారి ఏర్పడ్డది. 'పద్దెనిమిదో శతాబ్దం' అని సిలబస్‌లో చూసినప్పుడల్లా మాకు ఒక పక్క లండన్, ఇంకో పక్క గుంజాల కనిపిస్తున్నయి.

తెలుగోళ్లు కూడా ఈ నవలలతో పని చేసుకున్నరు. కందుకూరి వీరేశలింగం 1878లో మొదలుపెట్టిన 'రాజశేఖర చరిత్రము' మీద 'వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్' ప్రభావం ఉన్నది. ఒక పాస్టర్ కుటుంబం కథ గోదావరి ఒడ్డున బ్రాహ్మణ కుటుంబం కథ అయింది. ఇంగ్లీషు నవల ఒక ఇంటి కథ తెలుగులో రాసుకునే తొవ్వ చూపింది. ఆ తొవ్వ గోండికి, కొలామికి మాత్రం ఎందుకు మూసి ఉండాలె? పర్ధాన్ దాదా కిక్రి వాయించుకుంటూ రాత్రంతా చెప్పే కథ వినుకుంటా పెరిగినోళ్లం. పొడుగు కథకు మనం కొత్త కాదు.

మేము ఎట్ల చదువుతున్నమో చెప్తం, ఎవరికన్నా పనికొస్తది. ఈ నవలలకు కాపీరైట్ లేదు. ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్‌లో పైసా ఖర్చు లేకుండా దొరుకుతయ్. లిబ్రివాక్స్‌లో ఆడియో ఉన్నది. మెస్‌లో తిన్నాక ఒకరం పైకి చదువుతం, ఒకరం తెలుగులో చెప్తం, ఒకరం గోండిలో చెప్తం, నాలుగో మనిషి రాసుకుంటడు. రోజుకు నాలుగైదు పేజీలే నడుస్తది. గోండిలో చెప్పలేకపోయిన ముక్క మాకు అర్థం కానట్టే లెక్క, మళ్లా వెనక్కి పోతం.

ఇగ కొలువు సంగతి. ఉత్త ముచ్చట్లతో కడుపు నిండదని మాకూ తెలుసు. గురుకులాల్లో ఇంగ్లీషు పీజీటీ, జేఎల్, డీఎల్ పోస్టులకు ఎంఏ ఇంగ్లీషు కావాలె. నెట్‌లో జేఆర్‌ఎఫ్ వస్తే పీహెచ్‌డీకి ఫెలోషిప్ ఉంటది. పోస్టులు తక్కువ, పోటీ ఎక్కువ, అబద్ధం చెప్పం. మా నలుగురిలో ఒకరి నాన్నకు ఆరోగ్యం బాగలేదు. పత్తి ఏరే టైంకు ఇంట్ల మనిషి కావాలె. "చదివింది చాలు, ఇంటికి రా" అన్నడు. ఆ మాటలో తప్పు లేదు. ఆ నలుగురిలో ఎందరం యూనివర్సిటీ మెట్లు ఎక్కుతమో ఈ రోజు చెప్పలేం. ఒకరు ఆగితే మిగతా ముగ్గురం నోట్సు, పుస్తకాలు, పరీక్ష ఫీజు పంచుకుంటమని మాట ఇచ్చుకున్నం. మళ్లొచ్చే ఏడు ఆ మనిషి ఎంట్రెన్స్ రాయాలె.

ఈ గ్రూపులో ఉన్నోళ్లను రెండు అడుగుతున్నం. హైదరాబాద్, వరంగల్‌లో పీజీ చేస్తున్న అన్నలు, అక్కలు మీ పాత నోట్సు, ఎంట్రెన్స్ పేపర్లు ఫోటో తీసి పెట్టండి. ఊర్లల్లో ఉన్న తమ్ముళ్లు, చెల్లెళ్లు మీ పర్ధాన్ దాదాలు, తాతలు, అవ్వలు చెప్పే కథలు వాళ్లను అడిగి ఫోన్ల రికార్డు చెయ్యండి. కథలో ప్రతి మనిషి పేరు వాళ్లు పలికినట్టే రాసుకోండి.

జై జంగో, జై లింగో. జై సేవా.