పెన్‌డ్రైవ్‌లో ఖాళీ పుస్తకం

మొన్న సంక్రాంతికి కురుపాం వెళ్ళి మా మావయ్య కొట్లో రెండు రోజులు తల దించుకుని కూర్చున్నాను. ఆయనేం అనలేదు. నన్ను నేనే తిట్టుకున్నాను.

ఆయనది కిరాణా కొట్టు. సంత రోజున కొండ మీది ఊళ్ళవాళ్ళు దిగొచ్చి సరుకులు అరువుకి పట్టుకెళ్తారు, జీడిపిక్కలు అమ్ముకున్నాక బాకీ కడతారు. 2019లో, ఇంజనీరింగ్ అవగానే, ఆ ఖాతాలు రాసుకోడానికి ఓ చిన్న ప్రోగ్రాం చేసిచ్చాను. మా కాలేజీ ల్యాబులో అప్పటికీ విజువల్ బేసిక్ 6 ఉండేది లెండి (నవ్వకండి). డేటా అంతా ఒక యాక్సెస్ ఫైల్లో. ఆ ఫైల్ ఎక్కడుండాలని ఆలోచించనే లేదు. ప్రోగ్రాం ఉన్న ఫోల్డర్లోనే, అంటే ప్రోగ్రామ్ ఫైల్స్‌లో పడేశాను. "ఈ ఫోల్డర్ వారానికోసారి పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకో మావయ్యా" అని చెప్పి చేతులు దులుపుకున్నాను. ఆయన ఒక్క వారం మానలేదు.

డిసెంబర్లో కంప్యూటర్ నెమ్మదించిందని పార్వతీపురంలో ఇస్తే, అక్కడి కుర్రాడు ఫార్మాట్ చేసి విండోస్ మళ్ళీ వేశాడు. "పెన్‌డ్రైవ్ ఉంది కదేటి అల్లుడూ, భయమేటి" అన్నాడు మావయ్య ఫోన్లో. పండక్కి వెళ్ళి చూస్తే ఫైలుంది. తెరిస్తే ఒక్క ఖాతా లేదు. ఫైలు మీద తేదీ నేను ఇన్‌స్టాల్ చేసిన నాటిది!

సంగతేమిటంటే... ఎక్స్‌పీ రోజుల్లో దాదాపు అందరూ అడ్మిన్లే, ప్రోగ్రాములు ఎక్కడ పడితే అక్కడ రాసేవి. విస్టా (2007) వచ్చాక మామూలు హక్కులతో నడిచే ప్రోగ్రాం ప్రోగ్రామ్ ఫైల్స్‌లో రాయడానికి వీల్లేదు. కానీ పాతవి ఆగిపోకుండా విండోస్ ఓ దొడ్డిదారి పెట్టింది. అవి రాసినదాన్ని చడీచప్పుడు లేకుండా యూజర్ యాప్‌డేటాలోని వర్చువల్‌స్టోర్ అనే ఫోల్డర్‌కి మళ్ళిస్తుంది. ప్రోగ్రాంకి ఆ సంగతి తెలీదు. ఎక్స్‌ప్లోరర్‌లో కాపీ చేసేవాడికి మాత్రం అసలు చోటున్న పాత ఫైలే దొరుకుతుంది. అంటే మావయ్య ఇన్నేళ్ళూ భద్రంగా దాచుకున్నది నేనిచ్చిన ఖాళీ పుస్తకాన్ని.

"యాప్‌డేటాలో పెట్టాల్సింది, రూల్ అదే కదా" అంటారు మీరు. మా ఆఫీసులోనూ అదే అన్నారు. నాకు నచ్చట్లేదు. యాప్‌డేటా మామూలుగా కంటికి కనపడని ఫోల్డర్. మాక్‌లో యూజర్ లైబ్రరీ ఫోల్డర్‌ని 2011లో లయన్ నుంచి దాచేశారు. లైనక్స్‌లో 2003 నాటి ఎక్స్‌డీజీ పద్ధతి సెట్టింగులకి డాట్ కాన్ఫిగ్, డేటాకి డాట్ లోకల్ షేర్, పారేసినా ఫర్వాలేని వాటికి డాట్ క్యాష్ అని చక్కగా విడదీసింది. మంచిదే, కానీ పేరు ముందు చుక్క ఉంటే అవీ కనపడవు. కిటికీ సైజు, రంగు లాంటివి అక్కడ దాచుకోండి, పోయినా ఎవరూ ఏడవరు. మనిషి కూర్చుని టైపు చేసిన లెక్కలు మాత్రం డాక్యుమెంట్స్‌లో, ఆయనకి అర్థమయ్యే పేరుతో ఉండాలి. యాప్‌డేటాలో పద్ధతి ప్రకారం పెట్టినా మావయ్య దాన్ని కాపీ చేసేవాడు కాదు, ఆ కుర్రాడు చూసేవాడూ కాదు. చిట్టా పుస్తకాన్ని ఏ కొట్టువాడూ అటక మీద దాచడు, గల్లాపెట్టె పక్కనే పెట్టుకుంటాడు.

ఆ వారం సంతకి నేనూ కొట్లోనే ఉన్నాను. ఎవరి బాకీ వాళ్ళే చెబుతుంటే మావయ్య రాసుకున్నాడు. ఎక్కువ రాస్తున్నాడేమోనని వాళ్ళకి అనుమానం, తక్కువ చెబుతున్నారేమోనని ఈయనకి అనుమానం. ఒకావిడ "నేను పోయిన సంతకే కట్టేశాను కదా" అంది. కట్టిందో లేదో చూపించే కాగితం ఇద్దరి దగ్గరా లేదు. మావయ్య కాసేపు ఆవిడ మొహం చూసి, సరే అని కొట్టేశాడు.

నేను బెంగళూరు వచ్చి ప్రోగ్రాం మళ్ళీ రాశాను. ఈసారి ఫైలు డాక్యుమెంట్స్‌లో, "కొట్టు ఖాతాలు" అని తెలుగు పేరుతో. పంపించి రెండు నెలలైంది. మావయ్య ఇంకా ఇన్‌స్టాల్ చెయ్యలేదు, పొడుగు పుస్తకం కొనుక్కున్నాడట.