చేబదులు

జెబెల్ అలీ చర్చి ఆవరణలో తెలుగు ఆరాధన ముగిసింది. బయట కాగితం కప్పుల్లో టీ పోస్తున్నారు. ఆ వారమే దేశం నుంచి వచ్చినాయన ఒకరు చెయ్యి కలిపి, "వందనాలు బ్రదర్, మీదే ఊరు?" అన్నారు.

"సింహాచలం."

టీ కప్పు ఆయన నోటి దగ్గరే ఆగింది. "అప్పన్న సింహాచలమేనా?"

అదే. దుబాయి వచ్చి ఇరవై ఏళ్లు కావస్తోంది, ఈ ప్రశ్నకి అలవాటు పడిపోయాను. కొండ మీద వరాహ లక్ష్మీనరసింహస్వామి, కొండ కింద మేము. అడవివరం వైపు ఓ సందులో రేకుల కప్పు వేసిన చిన్న ప్రార్థన మందిరం మాది. వైశాఖంలో చందనోత్సవానికి వచ్చే జనంతో మా వీధులు కిక్కిరిసిపోయేవి. ఆషాఢ పౌర్ణమికి గిరిప్రదక్షిణ చేసేవాళ్లు 32 కిలోమీటర్ల నడకలో మా వీధి చివర నుంచే సాగిపోయేవాళ్లు. సంపెంగల కాలంలో బైబిలు తెరిచినా ముక్కుకి తగిలేది సంపెంగ వాసనే.

అన్నిటికన్నా విచిత్రం మా పేర్లు. మా వైపు ఇంటికో అప్పలరాజు, అప్పలనరసమ్మ, సింహాద్రి, సింహాచలం. తాతల నాడు క్రీస్తుని నమ్ముకున్నవాళ్లలోనూ చాలామంది ఆ పేర్లు వదులుకోలేదు. మందిరంలో హాజరు పిలిస్తే కొండ మీద దేవుడే పదిసార్లు పలికినట్టుండేది. నేను ఇవాళ చెప్పబోయే స్నేహితుడి పేరులోనూ అప్పన్న ఉన్నాడు. పేపర్లో పేరు చూసుకుంటే ఊరుకునే రకం కాదు కనక 'మావాడు' అని సరిపెడతాను.

అచలం అంటే కొండ. అరబ్బీలో జెబెల్ అన్నా కొండే. ఒక కొండ పేరు నుంచి ఇంకో కొండ పేరుకి వచ్చి పడ్డాను. ఇక్కడ కంటికి ఆనేవి కొండలు కావు, క్రేన్లు.

గల్ఫులో మా ఆదివారం చాలా ఏళ్లు శుక్రవారం నాడే వచ్చేది. సెలవు ఆ రోజే మరి. ఒకే ఆవరణలో మలయాళం వాళ్లు వెళ్తుంటే తమిళం వాళ్లు, వాళ్లు వెళ్తుంటే మేము. అమ్మ ఫోన్లో "ఆదివారం మందిరానికెళ్లావా?" అంటే "వెళ్లానమ్మా, శుక్రవారం" అనేవాణ్ణి. 2022 జనవరిలో ఇక్కడి ప్రభుత్వం వారాంతాన్ని శని, ఆదివారాలకి మార్చాక గానీ మా అమ్మ మనసు కుదుటపడలేదు.

రోజు ఏదైతేనేం, ఆరాధన గంటన్నర. మిగతా వారమంతా విశ్వాసం ఎక్కడుంటుంది? ఈ ప్రశ్న నాకు 2009లో ఎదురైంది.

2008 చివర్లో ఇక్కడ కట్టడాలు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. కొత్త సంవత్సరం వచ్చి రెండు నెలలైనా కాకముందే నేను పనిచేసే ఫ్యాబ్రికేషన్ యార్డులో మా బ్యాచి మొత్తాన్ని ఇంటికి పొమ్మన్నారు. నేను వెళ్లలేదు. వెళ్తే చెల్లి పెళ్లికి చేసిన అప్పు గుమ్మంలో కూర్చుని ఉంటుంది. తెలిసినవాళ్ల గదిలో నేల మీద చాప వేసుకుని పని కోసం తిరిగాను. మొదటి నెల చర్చికి వెళ్లాను. పరిస్థితి చెప్పినవాళ్లందరూ భుజం తట్టి, "ప్రార్థనలో పెట్టుకుంటాం బ్రదర్" అన్నారు. తప్పు మాట కాదది. కాకపోతే మా సంఘాల్లో ఆ మాటకి ఇంకో అర్థం కూడా ఉంది: ఇక ఉంటాను, నాకు బస్సు టైమయింది అని. రెండో నెల నుంచి వెళ్లడం మానేశాను. రాత్రి మోకరిస్తే నోట్లోంచి మాట వచ్చేది కాదు.

మావాడు అప్పటికి స్టీల్‌ప్లాంటులో కాంట్రాక్టు పనికి వెళ్తున్నాడు. బి షిఫ్టు రాత్రి పదింటికి దిగి, కూర్మన్నపాలెంలో బస్సు కోసం నిలబడి ఫోన్ చేసేవాడు. మాకు ఎనిమిదిన్నర దాటేది. ఐఎస్‌డీ బిల్లు మోతగా ఉండే రోజులవి. రెండంటే రెండే నిమిషాలు. 

"ఏట్రా, తిన్నావా?"

తిన్నానంటే ఏం తిన్నావనేవాడు. అబద్ధం ఆడటానికి అక్కడితో సరుకు అయిపోయేది నాకు.

ఒక రాత్రి చెప్పేశాను, నాకు ప్రార్థన రావడం లేదురా అని. వాడు వాక్యం ఎత్తలేదు, ఓదార్చనూ లేదు. కాసేపు లారీల హారన్లు వినిపించాయి. తర్వాత, "రాపోతే మానీరా. నాది వాడుకో. నువ్వు తిరిగి సంపాదించుకున్నాక ఇద్దువుగాని" అన్నాడు. బస్‌స్టాపులోనే రెండు ముక్కల్లో ప్రార్థన చేశాడు: వీడికి పనివ్వు ప్రభువా, పని వచ్చేదాకా అన్నమివ్వు. ఆమెన్ అనేసరికి బస్సొచ్చింది, ఫోన్ కట్టయింది.

చేబదులు అన్న మాట ఒకటుంది మనకి. నోటు రాసుకోం, వడ్డీ అడగం, సాక్షులుండరు. చేతిలోంచి చేతిలోకి మారుతుంది, అంతే. డబ్బే కాదు, విశ్వాసం కూడా అలా చేబదులు దొరుకుతుందని నాకు ఆ బస్‌స్టాపు నేర్పింది. తర్వాత మూడు నెలలు వాడి విశ్వాసం మీదే బతికాను. నాది అడుగంటిపోయింది.

పని దొరికాక తెలిసింది అసలు సంగతి. ఆ నాలుగు నెలలూ వాడు మా అమ్మకి నెలకి మూడు వేలు పట్టుకెళ్లి ఇచ్చాడు, నేను పంపానని చెప్పి. దుబాయి నుంచి ఊరికి డబ్బు పంపడం లోకం ఎరిగినదే. ఊళ్లో కాంట్రాక్టు కూలీ దుబాయివాడి పరువు కాపాడటం నేనెక్కడా వినలేదు. నాకు కృతజ్ఞత రావాల్సింది, కోపం వచ్చింది. నన్ను మా అమ్మ ముందు అబద్ధాలకోరుని చేశావన్నాను. నీ బోడి దానం ఎవడడిగాడన్నాను. ఇంకా చాలా అన్నాను. వాడు ఫోన్ పెట్టేశాడు.

నెలన్నర మాటల్లేవు. మామూలు స్నేహమైతే అక్కడే తెగేది. మగవాళ్ల స్నేహాలు గట్టిగా కనిపిస్తాయి గానీ, పరువు దగ్గర దారప్పోగులే. మళ్లీ వాడే చేశాడు, ఒక శనివారం రాత్రి.

"రేపు ప్రభు బల్లరా."

"అయితే?"

"నీతో మాటల్లేకండా రొట్టెలో చెయ్యెలాగ పెడతాను? కిందటి నెల లేచి బయటికొచ్చీసేను. అయ్యగారు చూశారు. ఈసారి కూడా లేత్తే అమ్మ అడుగుద్ది."

నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. అబద్ధం ఆడినందుకు నాకు క్షమాపణ చెప్పాడు, అయ్యగారికి ముందే చెప్పుకున్నాట్ట. నేను అన్నవాటికి నేను చెప్పుకున్నాను. మా సంఘాల్లో నెల మొదటి ఆదివారం ప్రభు బల్ల ఉంటుంది. ఎవరితోనైనా పగ పెట్టుకుని ఆ రొట్టె ముట్టుకోకూడదని చిన్నప్పటి నుంచి వింటూ వచ్చినదే. అది దేవుడికీ మనకీ మధ్య నియమం అనుకునేవాణ్ణి. మా స్నేహాన్ని కాపాడింది మాత్రం ఆ నియమమే. వాడికి నా మీద ప్రేమ నెలన్నర పాటు చాల్లేదు. వాడి భక్తి మిగతా దూరం నడిపించింది.

స్నేహం విశ్వాసాన్ని ఆదుకుంది, విశ్వాసం స్నేహాన్ని ఆదుకుంది. ఏది ముందో నేను చెప్పలేను. ఒకటి పడిపోయినప్పుడు రెండోది నిలబడి ఉండటమే నేను చూసింది. తెలుగులో మనిషి పట్ల ఉండేదాన్నీ విశ్వాసం అనే అంటాం, దేవుడి మీద ఉండేదాన్నీ విశ్వాసం అనే అంటాం. రెండిటికీ ఒకే మాట పెట్టినవాళ్లు ఊరికే పెట్టలేదేమో.

2014 అక్టోబరు 12 ఆదివారం. హుద్‌హుద్ తుఫాను విశాఖ మీద పడిన రోజు. ఇక్కడ మా గదుల్లో ఉత్తరాంధ్ర వాళ్లెవరూ నిద్రపోలేదు. ఎవరి ఫోన్లూ కలవడం లేదు. మావాడి లైను బుధవారం రాత్రి కలిసింది. "అందరం బతికే ఉన్నాం. కొండకి గుండు కొట్టీసినట్టుందిరా" అన్నాడు. తర్వాత అసలు కథ చెప్పాడు.

వాళ్ల నాన్నకి అప్పటికి రెండేళ్లుగా పక్షవాతం, కుడి పక్క పడిపోయింది. గాలి ముదిరాక ఇంటి మీది సిమెంటు రేకులు ఒక్కొక్కటీ లేచిపోయాయి. ముసలాయన నవారు మంచం మీద వానలో తడుస్తున్నాడు. నాలుగిళ్ల అవతల ఒక శ్లాబు ఇల్లుంది. కొండ కింద సంపెంగలమ్ముకునే కుటుంబం వాళ్లది. ఆయన ఏటా గిరిప్రదక్షిణ చేస్తాడు. ఆ రోజు వచ్చినప్పుడల్లా మావాడి నాన్న గుమ్మంలో కుండలు పెట్టి నడిచేవాళ్లకి నీళ్లు పోసేవాడు. ఇద్దరికీ అంతకు మించి పెద్ద మాటలు లేవు. ఆ పూట పూలాయనే గాలిలో వంగి నడుచుకుంటూ వచ్చాడు. ఆయన ఒక కోడు, మావాడొక కోడు, సంఘంలో కుర్రాడొకడు, వీధి చివర ఆటో నడిపే అతను. మంచాన్ని మనిషితో సహా నలుగురూ ఎత్తారు.

మావాడి అమ్మ అడ్డం పడింది. "బతికున్న మనిషిని నలుగురెత్తడమేటిరా" అని ఏడ్చింది.

తెలుగులో నలుగురు మోశారంటే చివరి ప్రయాణమే. ఆవిడ భయం అదీ. మార్కు సువార్త రెండో అధ్యాయంలో నలుగురు మోసింది మాత్రం బతికున్నవాణ్ణి. వాడికీ పక్షవాతమే. గుమ్మం దగ్గర జనం తోసుకుంటుంటే ఇంటి కప్పు విప్పి, పరుపుతో సహా యేసు ముందుకి దించారు. ఆ కథలో నాకు ఎప్పుడూ వింతగా ఉండేది ఒకటుంది. ఆయన చూసింది రోగి విశ్వాసాన్ని కాదు, మోసుకొచ్చినవాళ్ల విశ్వాసాన్ని. రోగి నోరు విప్పినట్టే లేదు. ఆ నలుగురి పేర్లూ, ఊరూ మార్కు రాయలేదు. చేబదులిచ్చినవాళ్లు సంతకం పెట్టరు కదా.

ఆ రాత్రి పూలాయన ఇంట్లో, గోడకి అప్పన్న పటం కింద మంచం దింపారు. కరెంటు లేదు. మావాడు నాన్న పక్కన కూర్చుని రోజూ చేసే కుటుంబ ప్రార్థన చెయ్యాలా వద్దా అని తటపటాయిస్తుంటే, ఆ ఇంటావిడ దీపం తెచ్చి, "చేసుకోండి బాబూ" అని పట్టుకుని నిలబడిందట, అయ్యేదాకా. 

ఇదంతా చెప్పి మావాడు, "బైబిల్లో మనుషులు కప్పు విప్పేరు. మాకు ఆ పని గాలే చేసీసింది" అన్నాడు. కాంట్రాక్టు మనిషి, పని మిగిలితే గుర్తిస్తాడు.

ఈ కథ మా నోటికి తెలుగులో రావడం వెనక కూడా మోసినవాళ్లున్నారు. 1805లో లండన్ మిషనరీ సొసైటీ తరఫున జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ అనే ఇద్దరు విశాఖపట్నంలో దిగారు. తెలుగు నేర్చుకుని సువార్తల్ని తెలుగు చెయ్యడానికి కూర్చున్నారు. క్రీస్తుని నమ్మిన ఆనందరాయర్ అనే బ్రాహ్మణుడు వాళ్లకి తోడయ్యాడు. 1809లో క్రాన్ చనిపోయాడు. మరుసటేడు డెస్ గ్రాంజెస్ పోయాడు. మత్తయి, మార్కు, లూకా 1812లో సేరంపూర్‌లో అచ్చయ్యాయి. మంచం మోసిన నలుగురి కథని తెలుగు దాకా మోసుకొచ్చిన ఆ ఇద్దరూ అచ్చుపుస్తకం చూడలేదు. ఒకరు కోడు వదిలితే ఇంకొకరు అందుకున్నారు.

స్నేహాలన్నీ ఇలాగే ఉంటాయని చెప్పను. మా సంఘాల్లో 'బ్రదర్' అని పిలుచుకుంటూనే ముఠాలు కట్టుకోవడం చూశాను. కులం అడక్కుండా ఊరి పేరుతో కులం రాబట్టే టీ కప్పుల సంభాషణలూ విన్నాను. స్నేహితుల వెంట సంఘానికి వచ్చి, స్నేహం చెడగానే దేవుణ్ణి కూడా వదిలేసిన వాళ్లున్నారు. సామెతల గ్రంథం 27వ అధ్యాయంలో మనుషుల సహవాసానికి ఇనుముతో ఇనుము రాపాడే పోలిక ఉంది. ఉక్కు ఊరివాణ్ణి కనక చెప్పగలను, ఆ రాపిడిలో పదునుతో పాటు నిప్పురవ్వలూ లేస్తాయి. చేతికి తొడుగు లేకుండా ఆ పని చెయ్యకూడదు. మా ఇద్దరికీ ఆ తొడుగు నెలకోసారి వచ్చే రొట్టె ముక్క.

2018లో మావాడి నాన్న పోయాడు. ఈసారి నలుగురు మోసింది తెలుగులో అందరికీ తెలిసిన మోతే. పూలాయన ఒక భుజం పట్టాడట. నేను వెళ్లలేకపోయాను. ఆ తర్వాత మావాడు మూగవాడైపోయాడు. మందిరానికి వెళ్తున్నాడు, వెనక కూర్చుని వస్తున్నాడు, పాట ఎత్తడం లేదని అమ్మ చెప్పింది.

ఇక్కడ వాట్సాప్ కాల్ పనిచెయ్యదు. బోటిమ్‌లో చేశాను, వాడి బి షిఫ్టు దిగే టైముకి. లారీల హారన్లు అలాగే ఉన్నాయి.

"ఏట్రా, తిన్నావా?" అన్నాను.

చాలాసేపు పలకలేదు. "రావట్లేదురా" అన్నాడు చివరికి. ఏది రావట్లేదో నేను అడగలేదు.

ఇప్పుడు బిల్లు భయం లేదు, గంట మాట్లాడినా ఎవరూ అడగరు. అయినా రెండు ముక్కల్లోనే ప్రార్థన చేశాను. వీడికి నిద్రివ్వు ప్రభువా, నిద్ర వచ్చేదాకా తోడుండు. నాకూ అంతకన్నా పొడుగు రాదు, వాడి దగ్గర నేర్చుకున్నదే కదా. ఆమెన్ అన్నాక అవతల నిశ్శబ్దం. కట్టయిందేమో అనుకున్నాను.

"ఇది అసలా, వడ్డీయా?" అన్నాడు.

"చేబదులుకి వడ్డీ ఏటిరా" అన్నాను.

బస్సొచ్చినట్టుంది, బ్రేకుల చప్పుడు వినిపించింది. ఎక్కలేదు వాడు.