అడవి వేరుకు పెరటి వంకాయ

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్నారు పెద్దలు. మా ఊళ్ళో ఉస్తి చెట్టుకైతే పెరట్లోనూ చోటు లేదు. గట్లమీదా, దిబ్బల పక్కనా ముళ్ళతో దానంతటదే లేస్తుంది. బఠాణీ గింజలంత కాయలు గుత్తులుగా కాస్తుంది. మా అవ్వ వాటిని మజ్జిగలో ఊరవేసి, ఎండబెట్టి వరుగులు చేస్తుంది. మిగతావాళ్ళకు అది కొడవలితో నరికి పారేసే కంప. వృక్షశాస్త్రం మాత్రం దాన్ని వంగకూ టమాటాకూ దగ్గరి చుట్టమంటుంది. మూడింటిదీ సొలానమ్ ప్రజాతే.

ఈ చుట్టరికంతో రైతుకేం పని? వినండి. పచ్చగా ఉన్న వంగతోటలో ఒకనాటి మధ్యాహ్నం ఆకులు వాలిపోతాయి. నీళ్ళు కట్టినా లేవవు. కొద్దిరోజుల్లో మొక్క చస్తుంది. ఇది బాక్టీరియా ఎండు తెగులు. అలాంటి మొక్క కాడను కోసి గ్లాసు నీళ్ళలో వేలాడదీస్తే, కోసినచోటి నుంచి పాలదారం వంటిది కిందికి జారుతుంది. అదంతా బాక్టీరియాయే. నీరు మోసే దారువు నిండా అవి పేరుకుంటే ఆకుకు దాహం తీరేదెట్లా? ఒకసారి వచ్చిందంటే ఏళ్ళ తరబడి నేలలోనే దాని కాపురం. పైన మందు కొట్టి లాభం లేదు. మా చేనిలో ఈశాన్యపు మూల వరుసగా రెండేళ్ళు ఇలాగే పోయింది. "ఇంక వంగ వద్దులేరా" అన్నాడు నాయన. నా హాస్టలు ఖర్చులు గట్టెక్కించిన పంట అది!

రోగం వేరునుంచి వస్తోంది గనుక వేరునే మార్చాలన్నది శాస్త్రం చూపిన దారి. 1920ల చివర్లోనే జపానులో పుచ్చతీగను గుమ్మడి వేరుమీద అంటుకట్టారు. తరువాత వంగ వంతు వచ్చింది. 2021లో వారణాసిలోని భారతీయ కూరగాయల పరిశోధన సంస్థ ఒకే వంగ వేరుమీద వంకాయనూ టమాటానూ కాయించి 'బ్రిమాటో' అని పేరు పెట్టింది.

పద్ధతి కష్టమేమీ కాదు, ఓపిక కావాలి. ఉస్తి గింజకు మొలవడానికి బద్ధకం. అందుకని వంగ విత్తనానికి కొన్ని వారాల ముందే పోయాలి. రెండు కాడలూ ఒకే లావుకు వచ్చాక ఉస్తి తల కోసి, కాడను నిలువునా చీల్చి, ఉలిమొనలా చెక్కిన వంగ కొనను అందులో దింపి క్లిప్పు పెట్టాలి. వారంపాటు చెమ్మ ఆరని నీడలో ఉంచితే రెండు కాడల దారువూ, పోషక కణజాలమూ కలుసుకుంటాయి. నేను కట్టిన 20 అంట్లలో 12 నిలిచాయి.

వాటిని చూసి నాయన, "ఉస్తికాయ చేదు గదరా, ఆ చేదు వంకాయకు ఎక్కదా?" అన్నాడు. ప్రాక్టికల్ పరీక్షలో కూడా ఇంత మంచి ప్రశ్న నన్నెవరూ అడగలేదు. కాయ ఏ జాతిదో నిర్ణయించేది పైకొమ్మే. వంకాయ వంకాయగానే ఉంటుంది. అలాగని వేరు పంపేది ఒట్టి నీళ్ళేనని అనుకోరాదు. టమాటాను పొగాకు వేరుమీద కడితే టమాటా ఆకుల్లోకి నికోటిన్ ఎక్కుతుందని 1942లో డాసన్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు చూపాడు. ఉమ్మెత్త వేరుమీద కాసిన టమాటాలు తిని విషం పాలైనవాళ్ళూ ఉన్నారు. కాబట్టి గట్టిదని ఏ వేరు పడితే ఆ వేరు పనికిరాదు. ఉస్తి మనం తినే కాయే. దాని వేరుమీద పెరిగిన వంకాయల్ని జపానులో ఏళ్ళుగా తింటున్నారు.

ఇది సర్వరోగ నివారిణి కాదు. కాయతొలుచు పురుగు పైనుంచే వస్తుంది, దానికి వేరుతో పని లేదు. అతుకు మట్టిలో కూరుకుపోతే వంగ తన వేళ్ళు తానే వేసుకుని మళ్ళీ రోగం తెచ్చుకుంటుంది. కిందినుంచి లేచే ఉస్తి చిగుళ్ళను తుంచుతూ ఉండాలి.

ఆ పన్నెండింటినీ ఈశాన్యపు మూలలోనే నాటాం, పక్కన మామూలు వంగ పన్నెండు. ఇది రాసేనాటికి మామూలు వాటిలో అయిదు వాలిపోయాయి. అంట్లు నిలిచి ఉన్నాయి. పన్నెండు మొక్కలతో సిద్ధాంతం చేయరాదన్నారు మా లెక్చరరుగారు. నిజమే. వచ్చే ఏడు వంద కడదామంటున్నాడు నాయన.

మిత్రులారా! సెలవులకు ఊరెళ్ళినప్పుడు మీ గట్లమీది కంపను ఒకసారి పేరు పెట్టి పలకరించండి. నరికేముందు అది ఎవరి చుట్టమో తెలుసుకోవడం మన చదువుకు తగిన పని.