చెట్టు పైకి కాదు, మొదట్లో చూడండి

న్యూజిలాండ్‌లో మనకి తుఫాన్ల కాలం నవంబర్ నుంచి ఏప్రిల్ దాకా. ఇప్పుడు సెప్టెంబర్ నడుస్తోంది. ఇంటి చుట్టూ చెట్లు చూసుకోడానికి ఇదే సమయం.

మేము ఉద్దానం వాళ్లం. 2018 అక్టోబర్ 11న తిత్లీ వచ్చి మా కొబ్బరి తోటల్ని నేలకూల్చింది. కొబ్బరి మొక్క కాపుకి రావాలంటే ఏళ్లు పడతాయి. అందుకే చెట్టు మీద కత్తి వేయాలంటే మాకు మనసొప్పదు. కానీ ఇక్కడి ఇళ్లు ఎక్కువగా చెక్క ఫ్రేమువి, పైన రేకు. పెద్ద పైన్ చెట్టో, మాక్రోకార్పానో మీద పడితే ఆగదు.

2023 ఆక్లాండ్‌లో ఉన్నవాళ్లెవరూ మర్చిపోరు. జనవరి 27న వరద, నేల ఆరకముందే ఫిబ్రవరిలో గాబ్రియెల్ తుఫాను. నేల నానితే వేళ్లకి పట్టు ఉండదు. పచ్చగా ఉన్న చెట్టు కూడా వేళ్లతో సహా లేచిపోతుంది.

సైట్లో మేము చూసే సంగతి ఒకటి చెప్తాం. డ్రైనేజీకో, డ్రైవ్‌వేకో తవ్వినప్పుడు ఒక పక్క వేళ్లు తెగిపోతాయి. వేళ్లు ఎక్కువగా పైమట్టిలోనే ఉంటాయి కదా. ఆకు పచ్చగానే ఉంటుంది, ఆ పక్క పట్టు మాత్రం పోయింది. కాబట్టి ముందు మొదలు చూడండి. మట్టి పగిలి లేచిందా? పుట్టగొడుగులు వచ్చాయా? తొర్ర ఉందా? చెట్టు కొత్తగా వంగిందా? తర్వాతే ఎండుకొమ్మలు చూడండి.

తల మొత్తం నరికించకండి. అక్కడ పుట్టే కొత్త కొమ్మలకి అతుకు గట్టిగా ఉండదు, గాలికి అవే ముందు విరుగుతాయి.

డబ్బులు మిగులుతాయని ఆదివారం మీరే నిచ్చెన, చైన్‌సా పట్టుకుని ఎక్కొద్దు. సైట్లో ఎత్తు మీద పనికి ఎన్ని జాగ్రత్తలు తీసుకుంటామో మనకి తెలుసు, ఇంటి దగ్గర ఎందుకు వదిలేస్తాం? కరెంటు తీగలకి 4 మీటర్ల లోపు అసలు పోవద్దు. ఆర్బరిస్ట్‌ని పిలవండి. కొన్ని చెట్లకి కౌన్సిల్ అనుమతి కావాలి, ముందే కనుక్కోండి.

అద్దె ఇంట్లో ఉంటే ఫోటో తీసి ఓనర్‌కి రాసి పంపండి, నోటిమాటతో వదలొద్దు. తుఫానులో తీగ తెగిపడితే అందులో కరెంటు ఉందనే అనుకుని దూరంగా ఉండి 111కి ఫోన్ చేయండి.

ఊళ్లో మన ఫోన్ కోసం చూసేవాళ్లు ఉన్నారు. ఈ వారంలోనే ఒకసారి ఇంటి చుట్టూ తిరిగి చూడండి తమ్ముళ్లూ.