నీలి పళ్లెములో ముఖము



వేదాంత పాఠశాలలో చదువుకొను దినములలో నేనొక ఆంగ్ల కథ చదివితిని. ఇ. ఎం. ఫార్‌స్టర్ అను రచయిత 1909వ సంవత్సరమున దానిని ప్రచురించెను. పేరు 'ది మెషీన్ స్టాప్స్', అనగా యంత్రము ఆగిపోవుట. టెలివిజను అప్పటికింకను పుట్టలేదు. రాబోవు కాలమును ఊహించి వ్రాయు కథలు పిల్లల వినోదమని తలంచి, నేను దానిని అంతటితో మరచితిని.

ఆ కథలో మనుష్యులు భూమి క్రింద, తేనెపట్టు గదులవంటి చిన్న గదులలో, ఒక్కొక్కరు ఒంటరిగా నివసింతురు. మీట నొక్కిన భోజనము వచ్చును, పడక వచ్చును. వష్తి అను తల్లికి వేలమందితో పరిచయము గలదు గాని ఆమె ఎవరి యొద్దకును పోదు. కుమారుడైన కూనో భూమికి ఆవలి ప్రక్కన నున్నాడు. ఆమె చేతిలోని పళ్లెము నీలముగా వెలుగును, అందులో అతని ముఖము కనబడును. యంత్రములో గాక ఎదుట నిన్ను చూడవలెను, రమ్మని అతడు బ్రతిమాలును. ఆమె వెనుదీయును. ఎస్తేరు గ్రంథములోని వష్తి రాణియు పిలిచినప్పుడు రాలేదు గదా! రచయిత అది తలంచియే ఆ పేరు పెట్టెనేమో.

కడకు ఆమె గాలి ఓడ ఎక్కెను. దారిలో తూలి పడబోగా పరిచారిక చెయ్యి చాచి పట్టుకొనెను. వష్తికి ఎంత కోపము వచ్చెనో! ఒకరినొకరు తాకుట ఆ లోకములో అమర్యాద. పడిపోనియ్యనందుకు ఆ పరిచారికయే క్షమాపణ చెప్పుకొనెను. అంత దూరము వచ్చిన తల్లి కుమారుని చెయ్యియైనను పట్టుకొనలేదు.

2020వ సంవత్సరమున, లాక్‌డౌను కాలములో, మా సంఘములోని ఒక ముసలమ్మ మంచము పట్టెను. నేను వేరొక ఊరిలో చిక్కుకొంటిని. మనుమడు సెల్‌ఫోను పట్టుకొనగా, దానిలో ఆమెను చూచుచు ప్రార్థన చేసితిని. బాగుగానే చేసితిననుకొంటిని. ముగించిన తరువాత ఆమె, "అయ్యగారూ, తలమీద చెయ్యి పెట్టలేదుగా," అనెను. మూడవ దినమున ఆమె కన్ను మూసెను.

ఫోనును నేను నిందించను. కువైటుకు పనికి పోయిన మన తల్లులు బిడ్డలను దానిలోనే చూచుకొనుచున్నారు. నన్ను బాధించునది వేరు. అధికారులను అనుమతి అడిగిన దొరికెడిదేమో. నేను అడుగనే లేదు. ఫోను ఉన్నది గదా యని ఊరకుంటిని.

దారులు తెరచిన తరువాత ఇంటికి వచ్చి, ఆ కథ వెదకి మరల చదివితిని. చివరకు యంత్రము ఆగిపోవును. వెలుగు పోవును. సొరంగములో జనులు చనిపోవుచుండగా వష్తి చీకటిలో కుమారుని కనుగొనును. పళ్లెము లేదు, ముఖము కనబడదు. అప్పుడు వారిద్దరు ఒకరినొకరు తాకి, ముద్దు పెట్టుకొని, మరణింతురు.

మరునాడు తెల్లవారగానే ఆ మనుమని ఇంటికి నడచి పోతిని. వాడు వాకిట ఒంటరిగా కూర్చుండి యుండెను. నేనేమియు మాటలాడక వాని ప్రక్కన కూర్చుండి, వాని చెయ్యి పట్టుకొంటిని.